మధ్యలో మనిషి

ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నిన్న పొద్దున ఎవరో మొదలుపెట్టి, గొంతు ఎండిపోయి ఇంకొకరికి అప్పజెప్పి, ఆ ఇంకొకరు మరొకరికి అప్పజెప్పి, చివరికి ఈ నీలం టై పెద్దమనిషి దాకా వచ్చిన మాట అది. రాత్రంతా బస్సులో కూర్చుని దక్షిణ సముద్రం ఒడ్డు నుంచి సియోల్‌కి వచ్చిన కూ బోంగ్‌సిక్, శాసనసభ పై అంతస్తులో చూడవచ్చిన జనాన్ని కూర్చోబెట్టే వరసల్లో, మోకాళ్ళు ముందు సీటుకి ఒరుసుకుంటుంటే ముడుచుకుని కూర్చుని ఆ టై ముడికేసే చూస్తున్నాడు. ఓటింగు ఆపాలంటే చట్టం వద్దనేవాళ్ళకున్న దారి ఆగకుండా మాట్లాడటమేనట. ఒక పగలూ ఒక రాత్రీ నిండితే అప్పుడు మిగతావాళ్ళంతా కలిసి ఆ నోరు మూయించవచ్చునట. నిండటానికి ఇంకో గంట ఉంది. ఇవన్నీ బస్సెక్కించేటప్పుడు ఓక్ యంగ్‌రన్ చెప్పింది. యూనియన్ కార్యదర్శి ఆ పిల్ల. ఇతని భార్య మాల్‌సుక్‌ని అక్కా అంటుంది కాబట్టి ఇతన్ని బావా అంటుంది. "నిద్రపోకు బావా, అక్క నిన్ను పంపేది నిద్రపోవడానికి కాదు" అని కూడా అంది. నిద్ర ఎక్కడిది. గంట తరవాత చట్టం నెగ్గితే మాల్‌సుక్ కిందికి దిగుతుంది. ఓడితే చలికాలం కూడా ఆ ఇనప స్తంభం మీదే. తన పెళ్ళాం దిగడం దిగకపోవడం ఈ నీలం టై వాడి ఊపిరితిత్తుల మీద ఆధారపడి ఉందని ఎవడైనా పెళ్ళినాడు చెప్పి ఉంటే బోంగ్‌సిక్ వాడి నెత్తిన ఒక్కటి వేసి ఉండేవాడు.

తనని ఎందుకు పంపిందో మాత్రం సగమే అర్థమైంది. అక్కడ స్తంభం మీద ఆమె చేతిలో ఫోనుంది, ఈ సభంతా దాంట్లో కనిపిస్తూనే ఉంటుంది. అదే మాట యంగ్‌రన్‌తో చెప్పి పంపిస్తే, యంగ్‌రన్ తిరుగు జవాబు మోసుకొచ్చింది. "ఫోన్లో మాట్లాడేవాడు ఒక్కడే కనిపిస్తాడట బావా. వినేవాళ్ళు ఎలా వింటున్నారో నీ కళ్ళతో చూసి చెప్పాలట." సరే, చూస్తున్నాడు. వినేవాళ్ళు లేరు. కుర్చీలు ఉన్నాయి. చెక్క బల్లలు, బల్లల మీద తెరలు, తెరల వెనక ఖాళీ. ముగ్గురో నలుగురో ఉన్నారు, వాళ్ళలో ఒకాయన గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు, ఒకావిడ ఫోను చూసుకుంటోంది. మిగతావాళ్ళు ఓటు వేళకి వస్తారట. ఓడలు కట్టే పెద్ద కంపెనీలో నలభై ఏళ్ళుగా వెల్డింగు చేస్తున్నాడు బోంగ్‌సిక్. బడికి ఎగనామం పెట్టిన వయసులో చేతికి నిప్పుకర్ర ఇచ్చారు, అప్పటినుంచీ పని వేళకి కుర్చీలో లేనివాణ్ణి ఎవరూ క్షమించడం చూడలేదు. చదువుకుంటే ఇదన్నమాట సుఖం. మనిషి లేకపోయినా కుర్చీకి జీతం.

ఒళ్ళు చల్లబడుతోంది. ఏసీ ఎక్కువ పెట్టారు. అక్కడ ఆగస్టు ఎండకి ఇనుము కాలి, ఆమె దద్దుర్లు తేలిన మోచేతుల మీద తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. పక్క సీట్లో పెద్దావిడ ఒకత్తె చేతి సంచిలోంచి జిన్సెంగ్ బిళ్ళ తీసి ఇతని అరచేతిలో పెట్టింది. లోపలికి వస్తున్నప్పుడు ఎర్ర యూనియన్ జాకెట్టు విప్పించారని కాపలావాడితో జగడమాడిన మనిషి ఈవిడే. బడి వంటశాలలో పనిచేస్తుందట. బోంగ్‌సిక్ దగ్గర విప్పించడానికి ఏమీ లేదు, ఫోను ఒక్కటే తీసుకున్నారు.

"నోట్లో వేసుకో తమ్ముడూ, దగ్గొస్తే బయటికి పంపేస్తారు" అంది గుసగుసగా. "నీది ఏ యూనియను?"

"నాది కాదు. మా ఆవిడ కోసం వచ్చాను."

"ఆవిడేదీ మరి?"

"పైనుంది" అన్నాడు బోంగ్‌సిక్.

ఆవిడ మొహం వాడిపోయింది. అతని చెయ్యి పట్టుకుంది. "అయ్యో నాయనా. ఎప్పుడు పోయింది?"

"పోలేదమ్మా. యార్డు గేటు దగ్గర దీపాల స్తంభం ఎక్కి కూర్చుంది."

ఆవిడ పట్టుకున్న చెయ్యి ఠపీమని వదిలేసి నోటికి కొంగు లేక అరచెయ్యి అడ్డం పెట్టుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "గుండె ఆగిపోయింది కదయ్యా! ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" కాపలావాడు వచ్చి వంగి, "అమ్మా, మాట్లాడకూడదు" అన్నాడు. "మాట్లాడటానికే కదయ్యా ఈ ఇల్లు కట్టింది" అంది ఆవిడ. అయినా నోరు మూసుకుంది.

కింద నీలం టై ఆయన నీళ్ళు తాగి కొత్త ఊపు తెచ్చుకున్నాడు. అయ్యా, ఒక మాట అడుగుతాను, అంటున్నాడు. మనం ఫోను చేసి నల్ల నూడిల్స్ తెప్పించుకుంటాం. తెచ్చిన కుర్రవాణ్ణి వాళ్ళ హోటలువాడు సరిగ్గా చూసుకోకపోతే, ఆ కుర్రవాడు వచ్చి మన గుమ్మంలో సమ్మె చేస్తానంటే ఒప్పుకుంటామా? పెద్ద కంపెనీకి వందలమంది కాంట్రాక్టర్లుంటారు, ఒక్కొక్కరి పనివాళ్ళూ ఒక్కో రోజు వచ్చి నువ్వే మా యజమానివి, కూర్చుని మాట్లాడు, లేకపోతే పని ఆపేస్తాం అంటే ఏడాది పొడుగునా మాటలే, ఇంక ఓడ నీళ్ళలోకి ఎప్పుడు దిగుతుంది? బోంగ్‌సిక్ బిళ్ళ చప్పరించడం ఆపేశాడు. ఇది నా మాట. నూడిల్స్‌తో సహా నాదే. వంటింట్లో, చేపల పులుసు గిన్నె మధ్యలో పెట్టుకుని, చెంచా ఆడిస్తూ మాల్‌సుక్‌కి నేను చెప్పిన మాట. వీడికెవడు మోశాడు? ఇంట్లో చెప్పినప్పుడు అది తన తెలివి అనుకున్నాడు, యార్డులో కష్టపడి సంపాదించిన తెలివి, ఇప్పుడు చూస్తే అదే సొమ్ము వీళ్ళందరి జేబుల్లోనూ ఉంది, వీళ్ళ జేబుల్లోంచే రాలి ఎప్పుడో పత్రికలోనో టీవీలోనో తన చెంచాలో పడిందేమో. పైగా ఇక్కడ ఎంత ఠీవిగా వినిపిస్తోంది! ఇంట్లో అంత ఠీవి లేదు. ఎందుకంటే ఇంట్లో ఎదురుగా మాల్‌సుక్ ఉంది. ఆమె ముల్లు తీసిన చేప ముక్క అతని అన్నం మీద పెడుతూ, తల ఎత్తకుండానే అంది, "నూడిల్స్ తెచ్చిన కుర్రాడి చేత నువ్వు రోజూ పొద్దున కసరత్తు చేయిస్తావేంటయ్యా?" అని.

అదీ సంగతి. పొద్దున్నే పెద్ద కంపెనీ మైకులో పాట వస్తుంది, చేతులు పైకి, నడుము పక్కకి, ఒకటి రెండు మూడు నాలుగు, తెల్ల టోపీల పెద్ద కంపెనీ వాళ్ళూ, పసుపు టోపీల కాంట్రాక్టు వాళ్ళూ అందరూ ఒకే మైకుకి ఒకే నడుము వంచాలి. మాల్‌సుక్‌ది పసుపు టోపీ. ఓడ కడుపులో తొట్లకి రంగు వేసే పని. రంగు డబ్బా పెద్ద కంపెనీది, మెట్లు పెద్ద కంపెనీవి, ఎక్కడ ఎన్ని పూతలో చెప్పే మేనేజరు యోమ్ పెద్ద కంపెనీ మనిషి, ఆమె జీతం కాగితం మీద ఉండే పేరు మాత్రం కాంట్రాక్టరు ప్యోది. అందులో ఒక తమాషా ఉంది, అది యార్డులో బతికినవాళ్ళకి తమాషాగా కూడా అనిపించదు. యోమ్ ఈ ఆడవాళ్ళతో నేరుగా మాట్లాడడు. నేరుగా పని చెబితే రేపు కోర్టులో వీళ్ళు మీ పనివాళ్ళే అంటారని లాయర్లు నేర్పి పెట్టారు. కాబట్టి నలుగురాడవాళ్ళ ముందు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో నిలబడి, ప్యో కేసి తిరిగి అంటాడు, "ఆ మూల ఇంకో పూత వెయ్యమనండి." ప్యో ఇటు తిరిగి, "ఆ మూల ఇంకో పూత వెయ్యండమ్మా." మాల్‌సుక్ కుంచె పట్టుకుని, "కింద పూత ఇంకా ఆరలేదని ఆయనతో చెప్పండి." "ఆరలేదట సార్." "ఎప్పటికి ఆరుతుందో అడగండి." "ఎప్పటికి ఆరుతుందమ్మా?" ఇంటికొచ్చి ఆ నాటకం ఆడి చూపించేది మాల్‌సుక్, గొంతులు మార్చి, తను నవ్వకుండా. బోంగ్‌సిక్ పడీ పడీ నవ్వేవాడు. తెల్ల టోపీ కదా. యోమ్ అతనితో నేరుగానే మాట్లాడతాడు, భుజం మీద చెయ్యి కూడా వేస్తాడు.

తొట్టిలోంచి రంగు ఆవిరిని బయటికి లాగే ఫ్యాను ఆగిన రోజున ప్యో అక్కడ లేడు. రంగు డబ్బాలు రాలేదని గేటు దగ్గర ఎవరితోనో గొడవ పడుతున్నాడు. పైన గుండ్రటి కంతలోంచి యోమ్ తొంగి చూశాడు, ఫ్యాను తిరగడం లేదని చూశాడు, లోపల నలుగురు ఆడవాళ్ళు రంగు వేస్తున్నారనీ చూశాడు. చూసి, ప్యోని వెతుక్కుంటూ వెళ్ళాడు. దుర్మార్గుడై కాదు. పరుగెత్తాడు కూడానట పాపం. విచారణలో ఆ మాటే చెప్పాడు, "చూసిన వెంటనే కాంట్రాక్టరు గారికి తెలియజెయ్యడానికి పరుగెత్తాను" అని. విన్నవాళ్ళెవరికీ అందులో వింత కనిపించలేదు. యార్డు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తి ప్యోని పట్టుకొచ్చేసరికి ఆ నలుగురిలో ఒకత్తె, హ్యాంగ్‌జా రంగు డబ్బా మీదికి ఒరిగిపోయి ఉంది. బతికింది. ఇప్పుడు ఆమెకి చేతులు వణుకుతాయి, అన్నం చెంచాతో వాళ్ళమ్మ పెడుతుంది. ఆ రాత్రి మాల్‌సుక్ నాటకం ఆడలేదు, గొంతు మార్చలేదు. "ఫ్యాను ఆగింది, బయటికి రండి. అంతేగా. నోట్లోనే ఉంది ఆ మాట. మా మొహాన వెయ్యలేకపోయాడు" అంది. బోంగ్‌సిక్ ఏమన్నాడు? కింద నీలం టై ఆయన కాగితాలు తిరగేస్తున్నాడు. ఏమన్నాడో గుర్తుంది. "ప్యో ఉండాల్సింది అక్కడ" అన్నాడు. అన్నాక తనకి కూడా ఆ మాట రుచించలేదు, పులుసు గిన్నె తీసుకెళ్ళి కడిగేశాడు.

తరవాతదంతా ఒకదాని వెంట ఒకటి. ఆడవాళ్ళు యూనియన్ పెట్టారు. ఇకమీద మాతో నేరుగా మాట్లాడండి, ఫ్యాన్ల సంగతి మాతో కూర్చుని తేల్చండి అని పెద్ద కంపెనీని అడిగారు. మీరెవరో మాకు తెలియదు, ప్యోని అడగండి అంది పెద్ద కంపెనీ. నేనెంతటివాణ్ణమ్మా, వాళ్ళు పోస్తే నేను తాగేవాణ్ణి అన్నాడు ప్యో. కుంచెలు కింద పెట్టారు. నీ యజమాని కానివాడి మీద సమ్మె చెల్లదంది చట్టం. ప్యో కంపెనీ మూసేశాడు. మళ్ళీ తెరిచాడు, వేరే పేరుతో, అవే పసుపు టోపీలతో, సమ్మె చేసినవాళ్ళు తప్ప అందరితో. ఆ వారమే మాల్‌సుక్ స్తంభం ఎక్కింది. ఆమెకి ముందు పుట్టినవాళ్ళంతా ఆడపిల్లలే. ఇదే ఆఖరు కావాలని, చివరిదని అర్థం వచ్చేలా వాళ్ళ నాన్న ఏరి కోరి పెట్టిన పేరు మాల్‌సుక్. ఎవరూ పిలవకుండానే పుట్టినదాన్ని, ఎవరూ పిలవకుండానే ఎక్కాను అందట, యంగ్‌రన్ చెప్పింది. పైన పరుపంత చోటు, నెత్తిన ఒక టార్పాలిన్. షిఫ్టు అవగానే బోంగ్‌సిక్ అన్నం, కిమ్చీ, ఫోను బ్యాటరీ ఒక బకెట్టులో పెట్టి తాడుకి కట్టి పైకి పంపుతాడు. తాడు మీద రెండో బకెట్టు కిందికి వస్తుంది, మూత పెట్టి. మొదటిరోజు ఆ బకెట్టు పట్టుకుని తెల్ల టోపీల వరస ముందునుంచి నడవాల్సి వచ్చినప్పుడు తల కొట్టేసినట్టయింది. ఒకడు ముక్కు మూసుకున్నాడు, ఇరవై ఏళ్ళుగా కలిసి తాగినవాడు. తరవాత అలవాటైంది. ఎవరి బకెట్టు అయినా ఎవరో ఒకరు మోస్తారు, పెద్ద కంపెనీది తను ఇన్నాళ్ళూ మోయలేదా.

అక్కడే చిక్కుకుంది ఆలోచన. మోయలేదా? యోమ్ పిలుస్తాడు, కాఫీ ఇస్తాడు, "మీరు పెద్దవారు బోంగ్‌సిక్ గారూ, మీ ఆవిడకి చెప్పండి, దిగితే మిగతాది మేం చూసుకుంటాం, రిటైర్మెంటు ముందు మీకెందుకీ తలనొప్పి" అంటాడు. యోమ్ గది కిటికీలోంచి స్తంభం కనిపిస్తుంది. కిటికీ తెరిచి కాస్త గట్టిగా పిలిస్తే ఆమెకి వినపడుతుంది కూడా. తెరవడు. బోంగ్‌సిక్ ఆ మాటని కాఫీ చల్లారకముందే స్తంభం దగ్గరికి మోసుకెళ్ళి ఫోన్లో పైకి చెబుతాడు. "దిగమంటున్నారు." "ఎవరు?" "యోమ్." "ఆయన్నే చెప్పమను." ఆ మాటని మళ్ళీ వెనక్కి మోస్తాడు. "మీరే చెప్పాలంటోంది సార్." ఎన్నిసార్లు? ప్యో మూసేసి పోయిన చోట, మధ్యలో, టోపీ రంగు మార్చుకుని నిలబడ్డది ఎవరు? పడీ పడీ నవ్వినవాడే. వచ్చినంతసేపూ బోంగ్‌సిక్‌కి ఈ చట్టం అక్కర్లేదు, ఆమె ఇంటికి రావాలి, రాత్రి పక్కమీద ఆమె ఒంటి థిన్నరు వాసన కావాలి. బస్సులో అదే అనుకున్నాడు, నెగ్గితే నెగ్గనీ, ఎందుకు నెగ్గిందో నాకెందుకు అని. ఇప్పుడు మాత్రం నీలం టై ఆయన నోట తన మాటలే ఒక్కొక్కటిగా రాలుతుంటే, ఒళ్ళు మండుకొస్తోంది. నోరు ముయ్యవయ్యా. ఆ మాటలకి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పిన మనిషి ఒకత్తె ఉంది, ఆ జవాబు కూడా చెప్పు, కసరత్తు సంగతి కూడా చెప్పు.

చెప్పలేదు. గంట అయిపోయింది. తలుపులు తెరుచుకుని కుర్చీల మనుషులు బిలబిలమని వచ్చారు, నిద్రపోతున్నాయన లేచి మొహం తుడుచుకున్నాడు. ముందు మాటలు ఆపించడానికి ఓటు, అది నెగ్గింది. నీలం టై ఆయన వాక్యం మధ్యలోనే దిగాడు. ఆయన వెనకాల ఆయన పార్టీ వరసలన్నీ లేచి, అన్యాయం అన్యాయం అంటూ బయటికి నడిచాయి. అసలు ఓటు మొదలైంది. చట్టంలో ఉన్నది ఇదే, పని మీద పెత్తనం ఎవరిదో వాడే యజమాని, జీతం కాగితం మీద వాడి పేరు లేకపోయినా సరే, వాడిని కూర్చోబెట్టి మాట్లాడమనొచ్చు, మాట్లాడకపోతే పని ఆపొచ్చు. గోడమీద పెద్ద పలకలో పేర్ల పక్కన పచ్చ దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి, మధ్యమధ్య చీకటి గళ్ళు. బోంగ్‌సిక్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. చట్టం నెగ్గిందని సభాపతి సుత్తి ఎత్తి మూడుసార్లు కొట్టాడు. పై వరసల్లో చప్పట్లు కొట్టకూడదు, కొట్టలేదు. వంటశాల పెద్దావిడ మాత్రం ఇతని మోకాలి మీద పిడికిలితో గుద్దుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ. "దిగుతుంది తమ్ముడూ మీ ఆవిడ, వెళ్ళు వెళ్ళు."

బయట మెట్ల మీద ఎండ చెంపదెబ్బలా తగిలింది. జనం కావలించుకుంటున్నారు, ఫోటోలు దిగుతున్నారు. తిరిగి ఇచ్చిన ఫోను తెరవగానే యోమ్ పంపిన ముక్క కనిపించింది. చట్టం అయిపోయిందిగా, ఇంక మీ ఆవిడకి చెప్పి దింపండి, మీరు చెబితే వింటారు, మీ మేలు కోరి చెబుతున్నాను. బోంగ్‌సిక్ రెండుసార్లు చదివాడు. దిగమనే కదా తనకీ కావాలి. దిగమని తను పిలవాలని ఉంది, గొంతుదాకా ఉంది, రాత్రంతా బస్సులో దాన్నే కొరుక్కుంటూ వచ్చాడు. ఫోను చేశాడు. ఒక్క మోతకే ఎత్తింది.

"ఏమయ్యా, చూశావా? మొహాలెలా ఉన్నాయి?"

"మొహాలెక్కడివే. వద్దన్నవాళ్ళవి వీపులు చూశాను. కావాలన్నవాళ్ళు ఆవులిస్తున్నారు. ఒకాయన నిద్దర్లేచి వచ్చి ఓటేశాడు."

ఆమె నవ్వింది. గాలి హోరు మధ్య పగిలిన నవ్వు. "అమలుకి ఆరు నెలలు పడుతుందటగా?"

"అవునట."

"ఇక్కడ ప్యో వచ్చాడు. మైకు పట్టుకుని ఒకటే అరుపు, మీరే గెలిచారు దిగండమ్మా, అన్నీ మాట్లాడుకుందాం అని. ఎవరు మాట్లాడతారట అంటే చెప్పడు. వెనకాల నల్ల కారు ఉంది. యోమ్ లోపల కూర్చున్నాడు, అద్దాలన్నీ ఎత్తుకుని. ఫోన్లో ఒక్కో ముక్కా ప్యోకి అందిస్తున్నాడు, పైనుంచి బాగా కనిపిస్తోంది. నీకూ ఏదో పంపే ఉంటాడు."

"పంపాడు."

"ఏమంటాడు?"

వాక్యం మొత్తం నోట్లో సిద్ధంగా ఉంది. మోయడం అలవాటైన నోరు. మెట్ల మీద ఎవరో ఇతన్ని పక్కకి జరగమని తోశారు, జరిగాడు.

"ఆయన్నే చెప్పమను" అన్నాడు బోంగ్‌సిక్. "నా నోరు అద్దెకివ్వడం మానేశాను."

"ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?" అంది.

"లోపలంతా ఏసీయే."

"దిగమనవా మరి?"

"నీకు దిగాలనిపించినప్పుడు దిగు. పొద్దుగూకేసరికి వచ్చేస్తాను. ఏం పంపమంటావు?"

"వేడి నీళ్ళు."

"ఈ ఎండలో వేడి నీళ్ళెందుకే?"

"తల రుద్దుకోవద్దూ? జుట్టు అట్టలు కట్టింది, చన్నీళ్ళకి జిడ్డు వదిలి చావట్లేదు. ఒక్క బకెట్టు చాలదు, రెండు పంపు. ఇవాళో రేపో ఆ కారులోంచి మనిషి బయటికొచ్చి తలెత్తి నాతో మాట్లాడాల్సిందే. అప్పుడు ఇలా ఉంటానా?"

సరేనన్నాడు. యోమ్‌కి జవాబు రాయలేదు. అంత ఎత్తుకి తాడు మీద పోయేసరికి తొణకకుండా ఉండాలంటే బిగువు మూత ఉన్న డబ్బా కావాలి, ఇంట్లో ఉన్నదానికి రబ్బరు పోయింది, దార్లో ఎక్కడైనా కొనాలి అనుకుంటూ, ఫోటోలు దిగుతున్నవాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ బస్సు దొరికే వైపు నడిచాడు.